బరంపురం నుంచి కొరాపుట్ దాకా: ఫిక్స్‌డ్ గేర్ సైకిల్‌కు ఏ ఫ్రేమ్, ఎన్ని పళ్లు?

ఫిక్స్‌డ్ గేర్ సైకిల్ కొనాలనుకునే కుర్రాళ్లు ముందుగా అడిగేది పళ్ల లెక్క. 48-16 (ముందు పళ్లచక్రానికి 48 పళ్లు, వెనక దానికి 16) పెట్టించాలా, 46-16 పెట్టించాలా అని. ఫ్రేమ్ సైజెంత అని మనం అడిగితే మాత్రం చొక్కా కొన్నట్టు "మీడియం" అనేస్తారు. నన్నడిగితే ఇది తలకిందుల వ్యవహారం. వెనక పళ్లచక్రం మార్చడం ఒక గంట పని, ఖర్చూ తక్కువే. ఫ్రేమ్ సరిపడకపోతే సైకిలే అమ్ముకోవాలి. బరంపురంలోనో, పర్లాకిమిడిలోనో, రాయగడలోనో సెకండ్‌హ్యాండ్ ఫిక్స్‌డ్ గేర్ కొనేవాణ్ణి వెతుక్కోవడం అంత తేలిక కాదు. అందుకని ఫ్రేమ్ సంగతి ముందు తేల్చుకుందాం. పళ్ల సంగతికి తర్వాత వద్దాం.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. మామూలు సైకిల్లో వెనక ఫ్రీవీల్ ఉంటుంది కాబట్టి తొక్కడం ఆపేసినా బండి సాగుతుంది. ఇందులో ఫ్రీవీల్ ఉండదు, పళ్లచక్రం హబ్బుకు, అంటే చక్రం నడిమి దిమ్మకు, బిగించేసి ఉంటుంది. చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరుగుతూనే ఉంటుంది. పల్లంలో అయినా, మలుపులో అయినా, స్పీడ్ బ్రేకర్ మీద అయినా అంతే. మన వైపు షాపుల్లో మొదటిసారి దీన్ని రిపేరుకిస్తే మేస్త్రి పెడల్ వెనక్కి తిప్పి చూసి, "ఏటి బాబూ, ఫ్రీవీల్ పట్టీసిందేటి?" అంటూ నూనె డబ్బా అందుకుంటాడు. ఆయన తప్పేం లేదు.

కాళ్లు ఆగవు గనక, మామూలు సైకిల్లో సర్దుకుపోయే అర అంగుళం తేడా కూడా ఇందులో మోకాలికి తెలుస్తుంది, నడుముకీ తెలుస్తుంది.

ముందు కాలు కొలుచుకోండి

చెప్పులు విప్పి, గోడకు వీపు ఆనించి, పాదాల మధ్య జానెడు ఎడంతో నిలబడండి. గట్టి అట్ట ఉన్న పుస్తకం ఒకటి కాళ్ల మధ్య పెట్టుకుని, సీటు మీద కూర్చున్నప్పుడు ఎంత ఒత్తిడి పడుతుందో అంత గట్టిగా పైకి నొక్కండి. పుస్తకం ఒక అంచు గోడకు పూర్తిగా ఆనాలి, వంకర పోకూడదు. దాని పై అంచు దగ్గర ఇంట్లోవాళ్ల చేత పెన్సిల్ గీత గీయించి, నేల నుంచి అక్కడికి టేపు పెట్టండి. ప్యాంటు కొలతను నమ్ముకోవద్దు. టైలరు తీసే లోపలి కాలి పొడుగు దీనికంటే తక్కువగా వస్తుంది.

ఈ కొలత 78 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. మనవాళ్లలో ఐదడుగుల ఐదారు అంగుళాలున్న మనిషికి ఇంచుమించు అంతే వస్తుంది. దాన్ని 0.883తో హెచ్చిస్తే 68.9. క్రాంక్ ఇరుసు (పెడల్ కడ్డీలు రెండూ బిగించే నడిమి ఇరుసు) మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు అది. రోడ్డు సైకిళ్లకు చాలాకాలంగా వాడుతున్న లెక్క ఇది. ఫిక్స్‌డ్ గేర్‌కు నేనైతే అందులోంచి మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లు తగ్గిస్తాను. పల్లంలో కాళ్లు నిమిషానికి 110, 120 సార్లు తిరిగేటప్పుడు సీటు ఒక్క పిసరు ఎత్తయినా తుంటి అటూ ఇటూ ఊగుతుంది, మనిషి సీటు మీద ఎగిరెగిరి పడతాడు. మామూలు సైకిల్లో అలాంటి చోట తొక్కడం ఆపేస్తాం. ఇక్కడ ఆ వీలు లేదు.

అదే 78ని 0.65తో హెచ్చిస్తే 50.7 వస్తుంది. సీటు గొట్టం పొడుగు ఆ చుట్టుపక్కల ఉండాలని అర్థం. అంటే 50 కావచ్చు, 52 కావచ్చు. అసలు తికమక ఇక్కడే మొదలవుతుంది.

పై కడ్డీ నేలకు సమాంతరంగా ఉన్న ఫ్రేమ్ తీసుకుందాం. క్రాంక్ ఇరుసు నేల నుంచి 28 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, 52 ఫ్రేమ్ పై కడ్డీ సుమారు 78 దగ్గరికి వస్తుంది. సీటు గొట్టం కొంచెం వాలుగా ఉంటుంది కాబట్టి 52 కాస్తా నిలువులో 50 అవుతుంది. 28కి 50 కలిపితే 78. మీ కాలి కొలతా 78. బూట్లు వేసుకుంటే రెండు సెంటీమీటర్లు కలిసొస్తాయి, అంతే. 50 ఫ్రేమ్ అయితే నాలుగు సెంటీమీటర్ల ఖాళీ దొరుకుతుంది. బరంపురం అస్కా రోడ్డులో ఆటో హఠాత్తుగా ఆగినప్పుడు సీటు మీంచి ముందుకు దూకి రెండు కాళ్లూ నేల మీద పెట్టాల్సి వస్తుంది. ఆ క్షణంలో ఈ రెండు సెంటీమీటర్ల విలువ చెప్పక్కర్లేకుండా తెలుస్తుంది. పైగా ఇందులో ఆగేటప్పుడు కూడా పెడల్ తోస్తూనే ఉంటుంది కాబట్టి దిగడం మామూలు సైకిలంత నింపాదిగా ఉండదు.

మన పాతతరం 22 అంగుళాల సైకిల్ లెక్క చూడండి. 22 అంగుళాలంటే దగ్గర దగ్గర 56 సెంటీమీటర్లు. 24 అంగుళాలది 61. ఆ సైకిళ్ల మీద పెరిగినవాళ్లంతా ఒక కాలు నేలకు ఆనించి బండిని పక్కకు వాల్చి నిలబడటమే ఎరుగుదురు, రెండు కాళ్ల మీద నిలబడటం కాదు. పిల్లలైతే కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకున్నారు. ఆ అలవాటుతో "పెద్ద ఫ్రేమ్ అయితే హుందాగా ఉంటుంది" అనుకునే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఫిక్స్‌డ్ గేర్ విషయంలో ఆ హుందాతనం పనికిరాదు.

అసలు సైజు పై కడ్డీది

సీటు గొట్టం కొలత ఫ్రేమ్ మీద పెద్ద అక్షరాలతో ఉంటుంది, అందుకే అందరి కళ్లూ దాని మీదే. నిజానికి సీటును పైకీ కిందికీ జరుపుకోవచ్చు. సీటుకూ హ్యాండిల్‌కూ మధ్య దూరాన్ని అంత స్వేచ్ఛగా జరుపుకోలేం. కాబట్టి రెండు సైజుల మధ్య ఊగిసలాడుతున్నప్పుడు పై కడ్డీ పొడుగు ఎంతో అడిగి తెలుసుకోండి. కడ్డీ వాలుగా ఉన్న ఫ్రేమ్ అయితే దాన్ని సమాంతరంగా ఊహించి కొలిచిన పొడుగు అడగాలి. ఐదడుగుల ఐదంగుళాల మనిషికి అది 52, 53 సెంటీమీటర్ల దగ్గర కుదురుతుంది. ఐదడుగుల ఎనిమిదంగుళాలవాళ్లకు 54 దాకా పోవచ్చు.

షాపుల్లో ఒక పాత పరీక్ష ఉంది. మోచేతిని సీటు ముక్కుకు ఆనించి చెయ్యి చాస్తే వేళ్లు హ్యాండిల్‌కు అందాలని. మోటు లెక్కే అయినా ఫ్రేమ్ మరీ పొడుగ్గా ఉంటే పట్టేస్తుంది. ఇంకా తేడా ఉంటే హ్యాండిల్‌ను ఫ్రేముకు కలిపే స్టెమ్ మార్చుకోవచ్చు. 80 మిల్లీమీటర్ల నుంచి 110 దాకా తేలిగ్గా సర్దుకోవచ్చు. అంతకంటే పొట్టిది పెట్టాల్సి వస్తోందంటే ఆ ఫ్రేమ్ మీది కాదని అర్థం.

కాళ్లు పొడుగై ఒళ్లు పొట్టిగా ఉన్నవాళ్లు చిన్న సైజు తీసుకుని సీటు పైకి లేపుకోవాలి. ఒళ్లు పొడుగైనవాళ్లకు పెద్ద సైజు. ఇంతవరకు రోడ్డు సైకిల్ ఎంపికకూ దీనికీ తేడా లేదు. తేడా వచ్చేది కాలివేళ్ల దగ్గర.

వేళ్లు చక్రానికి తగులుతున్నాయా?

చిన్న ఫ్రేముల్లో ముందు చక్రం పెడల్‌కు మరీ దగ్గరగా ఉంటుంది. హ్యాండిల్ బాగా తిప్పినప్పుడు బూటు ముందుభాగం టైరుకు తగులుతుంది. మామూలు సైకిల్లో కాలు వెనక్కి తిప్పి పెట్టుకుంటాం. ఫిక్స్‌డ్‌లో కాలు ఎక్కడ ఉండాలో మన చేతిలో లేదు, చక్రం ఎటు తిప్పితే అటే. బరంపురం గేట్ బజార్ లాంటి చోట, తోపుడు బండ్ల మధ్య నెమ్మదిగా యూ టర్న్ తీసుకునేటప్పుడు తగిలిందంటే సైకిల్ ఉన్నచోటే పక్కకు పడిపోతుంది. వేగంగా పోయేటప్పుడు హ్యాండిల్ అంత తిప్పం కాబట్టి అప్పుడు ఈ బాధ లేదు.

దీన్ని కొనకముందే లెక్కేసుకోవచ్చు. క్రాంక్ (పెడల్ కడ్డీ) 165 మిల్లీమీటర్లు, పెడల్ ఇరుసు దాటి ముందుకొచ్చే పాదం సుమారు 10 సెంటీమీటర్లు, 28 టైరుతో (అంటే 28 మిల్లీమీటర్ల వెడల్పుది) చక్రం వ్యాసార్థం 34 సెంటీమీటర్లు. మొత్తం 60 సెంటీమీటర్ల చిల్లర. క్రాంక్ ఇరుసు నుంచి ముందు చక్రం ఇరుసుకు దూరం అంతకంటే ఎక్కువుంటే చాలామందికి తగలదు. 57, 58 ఉన్న ఫ్రేముల్లో తగులుతుంది. బజారు మధ్యలో రోజూ తిరిగేవాళ్లు ఈ కొలతను సైజు అంకె కంటే ముందు చూడాలి. షాపులో సైకిల్ ఉంటే ఇంకా తేలిక. సీటెక్కి, పాదం ముందుకు తెచ్చి, హ్యాండిల్ తిప్పి చూడటమే. మడ్‌గార్డ్ పెట్టించే ఆలోచన ఉంటే ఇంకో సెంటీమీటరు కలుపుకోండి. మన వైపు వానలకు మడ్‌గార్డ్ లేకుండా ఆఫీసుకు పోలేరు.

ఐదడుగుల ఒకటి రెండు అంగుళాల అమ్మాయిలకు ఈ సమస్య ఇంకా ఎక్కువ. 47, 48 ఫ్రేముకు పెద్ద చక్రాలు పెడితే వేళ్లు తగలకుండా ఉండటం కష్టం. క్రాంక్ 160కి తగ్గించడం ఒక దారి. చిన్న చక్రాలున్న ఫ్రేమ్ తీసుకోవడం అంతకంటే మంచి దారి. అప్పుడు కింద చెప్పిన పళ్ల లెక్కలు ఆ చక్రానికి తగ్గట్టు మారతాయి.

క్రాంక్ పొడుగు గురించి ఒకే మాట. 165కు మించి వద్దు. మలుపులో లోపలి పెడల్‌ను పైకి ఆపుకోలేం కదా, పొడుగు క్రాంక్ అయితే అది రోడ్డును గీరుతుంది.

మూడు రకాల ఫ్రేముల్లో ఏది?

అచ్చం ట్రాక్ పందేల కోసం చేసిన ఫ్రేమ్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. హ్యాండిల్ తిప్పితే వెంటనే తిరుగుతుంది, క్రాంక్ ఇరుసు ఎత్తుగా ఉంటుంది కాబట్టి మలుపుల్లో పెడల్ నేలకు తగలదు. చాలావాటికి బ్రేకు బిగించే రంధ్రం ఉండదు, 25ను మించిన టైరు పట్టదు. బరంపురం దగ్గరి గోలంతరా దాటి ఊళ్లలోకి దిగే రోడ్లలో 25 టైరుతో తిరిగితే పంక్చర్లకే పొద్దుపోతుంది. నా సలహా అడిగితే మన వైపు దాన్ని కొనొద్దు.

ఊళ్లలో తిరగడానికే చేసిన ఫిక్స్‌డ్ ఫ్రేమ్ రెండోది. ముందూ వెనకా బ్రేకు రంధ్రాలుంటాయి, 28 నుంచి 32 దాకా టైరు పడుతుంది, నీళ్ల సీసా పెట్టుకునే చోటూ ఉంటుంది. కొంచెం బరువెక్కువ. ఉండనీయండి. వెనక హబ్బుకు ఒకవైపు ఫిక్స్‌డ్, రెండోవైపు ఫ్రీవీల్ బిగించుకునేలా ఉంటే ఇంకా మంచిది. ఎందుకో కొండల దగ్గర చెబుతాను.

మూడోది ఇంట్లో మూలనున్న పాత సైకిల్‌ను మార్చుకోవడం. ఖర్చు తక్కువ. వెనక ఇరుసు కూర్చునే గాడి వెనక్కి తెరుచుకుని ఉంటుంది, చైను బిగించే స్క్రూలు కూడా ఉంటాయి. ఆ మేరకు అది ఫిక్స్‌డ్‌కు పనికొచ్చేదే. అసలు చిక్కు హబ్బు దగ్గర ఉంది. ఫిక్స్‌డ్ హబ్బుకు రెండు మరలుంటాయి. పళ్లచక్రం కుడిమర మీద బిగుస్తుంది, దాని మీద లాక్‌రింగ్ ఎడమమర మీద బిగుస్తుంది. పెడల్‌ను వెనక్కి తొక్కి ఆపబోయినప్పుడు పళ్లచక్రం ఊడిరాకుండా ఈ లాక్‌రింగే పట్టి ఉంచుతుంది. పాత హబ్బుకు ఆ ఎడమమర ఉండదు. ఫ్రీవీల్‌ను వెల్డింగ్ చేయించి "ఫిక్స్‌డ్ అయిపోయింది" అనుకునేవాళ్లున్నారు. వెనక్కి గట్టిగా తొక్కిన రోజు అది విప్పుకుంటుంది, అప్పుడు కాళ్లతో ఆపడమనేదే ఉండదు. అలా చేసేవాళ్లు రెండు బ్రేకులూ ఉంచుకోవాలి, కాళ్లతో ఆపే ఆలోచన పూర్తిగా మానుకోవాలి. సరైన ట్రాక్ హబ్బుతో కొత్త వెనక చక్రం కట్టించుకోవడమే దీనికి మందు. ఆ ఖర్చు కలిపితే రెండోరకం ఫ్రేముకు పెద్ద తేడా ఉండదు.

గేర్ల సైకిల్ ఫ్రేమును మార్చాలనుకునేవాళ్లు వెనక గాడి చూసుకోండి. అది నిట్టనిలువుగా ఉంటే ఇరుసు ముందుకూ వెనక్కూ జరగదు, చైను బిగువు కుదరదు.

ఇక పళ్లు

ముందు పళ్లను వెనక పళ్లతో భాగిస్తే నిష్పత్తి వస్తుంది. పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుందో అది చెబుతుంది. 28 టైరు చక్రం ఒక చుట్టుకు దగ్గర దగ్గర 2.14 మీటర్లు పోతుంది. 48-16 అంటే సరిగ్గా 3, పెడల్ చుట్టుకు 6.4 మీటర్లు. 46-16 అయితే 6.15. 46-17కు 5.8, 44-17కు 5.5, 44-18కు 5.2.

ఈ అంకెల్లో తేడాలు చిన్నవిగా కనిపిస్తాయి. నిమిషానికి 90 చుట్లు తొక్కగలిగితే 48-16 మీద గంటకు 34 కిలోమీటర్లు దాటుతారు, 44-17 మీద 30 దగ్గర ఉంటారు. కుర్రాళ్లు చూసేది ఈ లెక్కే. అయితే బరంపురం ట్రాఫిక్‌లో 34తో పోయే చోటు ఎక్కడుందో నాకు కనబడలేదు. ఊళ్లో తిరిగే వేగం 20. ఆ వేగంలో 48-16 మీద కాళ్లు నిమిషానికి 52 చుట్లే తిరుగుతాయి, ప్రతి చుట్టూ బరువుగా. 44-17 మీద 60 చుట్లు. ప్రతి కూడలి, ప్రతి గేటు దగ్గరా ఆగి మళ్లీ బయలుదేరాలి. బయలుదేరే మొదటి మూడు నాలుగు తొక్కుల్లో మోకాలి మీద పడే భారం రోజుకు ఎన్నిసార్లు పడుతుందో లెక్కేసుకోండి. ఆపడం కూడా ఆ కాళ్లతోనే. పెద్ద గేరులో చక్రాన్ని వెనక్కి పట్టి ఆపడం అంతే కష్టం. ఊరి వరకే అయితే 44-17 చాలు.

గోపాల్‌పూర్ రోడ్డు సంగతి వేరు. 15 కిలోమీటర్ల చదును, పేరుకు ఎక్కుడే లేదు. అక్కడ కొండ పనిని గాలి చేస్తుంది. సాయంత్రం సముద్రం మీంచి గాలి ఎదురు వీస్తుంది. మీరు 18తో పోతూ ఉంటే, 15తో గాలి ఎదురొస్తే, ఒంటికి తగిలేది 33 కిలోమీటర్ల గాలి. 46-16 పెట్టుకున్నవాడు అక్కడ నిమిషానికి 49 చుట్లకు పడిపోతాడు, పళ్లు బిగించి తోస్తూ పోతాడు. వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తుంటే 46-16 హాయిగా ఉంటుంది, 44-18 వాడి కాళ్లు గిరగిరా తిరుగుతాయి. ఈ రోడ్డుకు నా ఓటు 46-17కు. ఛత్రపురం వైపు, ఇచ్ఛాపురం వైపు పోయేవాళ్లకూ అదే. హైవే మీద లారీల పక్కన పోవాల్సి వచ్చినప్పుడు కాస్త వేగం అవసరం, అందుకని దీన్ని 44కు తగ్గించమనను.

పర్లాకిమిడి, పాతపట్నం, టెక్కలి వైపు రోడ్డు మెల్లగా లేస్తూ దిగుతూ పోతుంది. 44-17 సరిపోతుంది. గుణుపూర్ దాకా వంశధార పక్కన పోయేవాళ్లకూ మార్చాల్సిన పనిలేదు. రాయగడ చేరాక మాత్రం మెరక, పల్లం మాటిమాటికీ వస్తాయి, అక్కడ 44-18. ఇది చదును రోడ్ల మీద కాస్త విసుగు పుట్టిస్తుంది, నిజమే. వెనక 17 నుంచి 18కి మారితే వేగం ఆరు శాతం తగ్గుతుంది. ఎక్కుడులో ఆ ఆరు శాతమే మిమ్మల్ని సీటు మీద కూర్చోబెడుతుంది.

ఘాట్ రోడ్లకు వస్తే నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాను. తప్తపాణి ఎక్కుడు గానీ, సాలూరు నుంచి కొరాపుట్ పోయే ఘాటీ గానీ ఫిక్స్‌డ్ గేర్ చోటు కాదు. ఎక్కలేక కాదు. సైకిల్‌తో కలిపి 75 కిలోలున్న మనిషి నూటికి ఆరు చొప్పున లేచే ఎక్కుడులో 44-17 తొక్కితే పెడల్ మీద సగటున 27 కిలోల తోపు పెట్టాలి. 46-16 అయితే 30. లేచి నిలబడి తొక్కితే కాళ్లున్నవాళ్లు ఎక్కేస్తారు. ప్రాణం మీదికొచ్చేది దిగేటప్పుడు. సాలూరు సుమారు 120 మీటర్ల ఎత్తులో ఉంది, కొరాపుట్ 870లో. తిరుగు దారిలో ఆ ఎత్తంతా దిగాలి. 40 కిలోమీటర్ల వేగంలో 44-17 మీద కాళ్లు నిమిషానికి 120 సార్లు తిరుగుతాయి. 50కి పోతే 150. చిన్న గేరుతో ఎక్కడం తేలిక, దిగడంలో కాళ్లు ఇంకా వేగంగా తిరుగుతాయి. పెద్ద గేరుతో దిగడం కాస్త నయం, ఎక్కడం చావు. ఈ రెండింటికీ సరిపడే పళ్ల జత లేదు. దిగినంతసేపూ బ్రేకు పట్టుకునే ఉంటే రిమ్ములు కాలిపోతాయి. మలుపు తిరగ్గానే బస్సు ఎదురొస్తే పెడల్ ఆపి బండిని సర్దుకునే వీలు లేదు.

ఒకవైపు ఫ్రీవీల్ ఉన్న హబ్బు ఇక్కడే అక్కరకొస్తుంది. ఘాటీ కింద దిగి, చక్రం తీసి, తిప్పి పెట్టుకోండి. ఫిక్స్‌డ్ వైపు 17, ఫ్రీవీల్ వైపు 18 ఉంచుకుంటే ఎక్కడానికీ కొంచెం తేలిక, దిగేటప్పుడు కాళ్లకు విశ్రాంతి. ఇదేమీ కొత్త కనిపెట్టడం కాదు. టూర్ డి ఫ్రాన్స్‌లో గేర్లు మార్చే డిరైలర్‌ను 1937 దాకా ఒప్పుకోలేదు. అంతకు ముందు ఆ పందెగాళ్లు కూడా కొండ కింద ఆగి, వెనక చక్రం తిప్పి పెట్టుకునే ఎక్కేవారు. ఈ పద్ధతికి రెండు బ్రేకులూ తప్పనిసరి. కొరాపుట్, జయపురం, సునాబెడ మధ్యే రోజూ తిరిగేవాళ్లయితే గేర్ల సైకిల్ కొనుక్కోండి, ఇంత లెక్క అక్కర్లేదు.

48-16 టైరు ఎందుకు తింటుంది

వెనక చక్రాన్ని కాళ్లతో బిగబట్టి జార్చి ఆపడం కుర్రాళ్లకు సరదా. బరంపురంలో ఒక కుర్రాడు సైకిల్ తోసుకుంటూ వచ్చాడు. "అన్నా, గాలి సరిగానే ఉంది, పోతుంటే టపటపా కొడుతోంది" అన్నాడు. వెనక టైరు నెమ్మదిగా తిప్పి చూశాం. చుట్టూ గీతలు కొత్తగానే ఉన్నాయి, ఒక్కచోట మాత్రం అరచేయంత మేర రబ్బరు అరిగి తెల్లటి దారం పోగులు కనిపిస్తున్నాయి. ముందు పళ్లు లెక్కపెట్టాం, 48. వెనక 16.

"టైరుది కాదు తమ్ముడూ, పళ్లది తప్పు."

జార్చేటప్పుడు క్రాంకు ఎప్పుడూ ఒకే స్థితిలో ఆగుతుంది, మనకు అలవాటైన కాలు ముందు. 48-16ను కుదిస్తే 3-1. పెడల్ ఒక చుట్టుకు చక్రం సరిగ్గా మూడు చుట్లు తిరిగి మళ్లీ అదే చోటుకు వస్తుంది. అందువల్ల ప్రతిసారీ టైరులో ఒకే చోట రోడ్డుకు రాసుకుంటుంది. రెండు అంకెలనూ కుదించగా వెనక మిగిలిన అంకె ఎంతో, టైరు అరిగే చోట్లు అన్ని. 44-16ను కుదిస్తే 11-4, నాలుగు చోట్లు. 46-16 అయితే 23-8, ఎనిమిది. 17 ప్రధాన సంఖ్య కాబట్టి ముందు 44 పెట్టినా 46 పెట్టినా కుదించడం కుదరదు, పదిహేడు చోట్లూ మిగులుతాయి. కుదించాక ముందు మిగిలింది బేసి సంఖ్య అయి, రెండు కాళ్లతోనూ మార్చి మార్చి జార్చగలిగితే ఈ చోట్లు రెట్టింపవుతాయి. వెనక 17 అంటే నాకు ఇంత ఇష్టం ఉండటానికి సగం కారణం ఇదే.

అసలు జార్చి ఆపడమే మంచి అలవాటు కాదు. చక్రం జారిందంటే పట్టు పోయినట్టే, ఆగే దూరం పెరుగుతుంది. ముందు బ్రేకు లేని ఫిక్స్‌డ్ గేర్‌ను మన రోడ్ల మీద తొక్కొద్దు. ఆవు అడ్డొస్తే కాళ్ల బలం చాలదు. వానలో రిమ్ము తడిసి బ్రేకు నెమ్మదిగా పట్టేటప్పుడు కాళ్లతో వెనక్కి పట్టడం బాగా సాయపడుతుంది, అంతవరకే. చెప్పులతోనూ, లుంగీతోనూ ఎక్కకండి. బూటు లేసు వదులుగా వేలాడితే చైనులో పడుతుంది, పడ్డాక చైను ఆగదు.

కొనేటప్పుడు

ఫ్రేమ్ తేలాక ముందు 44, వెనక 17తో మొదలుపెట్టి, రెండో పళ్లచక్రంగా 18 కొనిపెట్టుకోండి. గోపాల్‌పూర్ వైపే ఎక్కువ తిరిగేవాళ్లు ముందుది 46 తీసుకోవచ్చు. ఫిక్స్‌డ్ విడిభాగాలు మన ఊళ్లలో దొరకవు, పార్సిల్‌లో రావాల్సిందే. చైను మాత్రం సందు చివరి షాపులోనూ దొరుకుతుంది. మామూలు సైకిల్ చైను వెడల్పు, ట్రాక్ పళ్లచక్రం వెడల్పు ఒకటే, అంగుళంలో ఎనిమిదో వంతు. సన్నటి పళ్లచక్రం పెట్టిన సైకిళ్లూ వస్తున్నాయి. పంపేవాణ్ణి ఈ వెడల్పు అడిగి కొనండి.

వెనక ఒక పన్ను పెంచితే ఇరుసు మూడు మిల్లీమీటర్ల చిల్లర ముందుకు జరుగుతుంది. 16, 17, 18 మూడింటికీ ఒకే చైను సరిపోతుంది, లింకులు కోయక్కర్లేదు. 17తో చైను వేసేటప్పుడు ఇరుసును గాడి మధ్యలో ఉండేలా చూసుకుంటే చాలు. చైను మధ్యలో వేలితో నొక్కితే సుమారు అర అంగుళం ఆడాలి. మరీ బిగిస్తే బేరింగులు అరుగుతాయి, వదులైతే చైను ఊడుతుంది. పెడల్‌ను మెల్లగా ఒక పూర్తి చుట్టు తిప్పి చూడండి, ముందు పళ్లచక్రం కాస్త వంకరగా ఉంటే ఒకచోట బిగిసి ఒకచోట వదులవుతుంది. బిగిసిన చోటే కొలుచుకోవాలి.

లాక్‌రింగ్ బిగించేటప్పుడు మేస్త్రి పక్కనే నిలబడండి. చేతి అలవాటు కొద్దీ ఆయన కుడివైపు తిప్పుతాడు, అది ఎడమవైపు తిప్పాలి. కొత్త పళ్లచక్రం బిగించాక ఏదైనా చిన్న ఎక్కుడు గట్టిగా తొక్కి వస్తే పళ్లచక్రం ఇంకొంచెం బిగుస్తుంది. తిరిగొచ్చి లాక్‌రింగ్ మరోసారి బిగించండి.